నోరు పెగలని పెళ్ళిళ్ళు

1924లో అమెరికాలో వచ్చిన నవ్వుల మూకీ సినిమా ‘గర్ల్ షై’. అందులో హెరాల్డ్ లాయిడ్ నత్తి ఉన్న కుర్ర దర్జీ. మనసు విరిగిన మేరీ వేరే పెళ్ళికి ఒప్పుకుంటుంది. ఆ వరుడికి అప్పటికే భార్య ఉందని ఇతనికి తెలుస్తుంది. కార్లు, ట్రామ్, మోటార్ సైకిల్, గుర్రపుబండి, ఏది దొరికితే అదెక్కి లాస్ ఏంజెలిస్ చేరతాడు. తీరా అక్కడ నోరు పెగలదు. చేసేది లేక పిల్లని ఎత్తుకునే పోతాడు!

బళ్ళారిలో మా ఇంట్లో దీన్ని చూసి అందరం పడీపడీ నవ్వాం, అవ్వ తప్ప. వాళ్ళమ్మకి 1927లో పెళ్ళి, అప్పటికి తొమ్మిదేళ్ళు. ఆడపిల్లకి 14 ఏళ్ళు నిండాలన్న శారదా చట్టం 1930 ఏప్రిల్‌లో గానీ అమలు కాలేదు.

“మా అమ్మ కోసం ఎవరూ పరుగెత్తలేదు” అంది అవ్వ.

మా వంశవృక్షంలో ఆమె పేరు పక్కన పెళ్ళి ఏడాది మాత్రమే ఉండేది. ఇప్పుడు వయసు కూడా రాశాం.