వ్యాసరచనలో వాడుకభాష: ఒక యనుజ్ఞయు దాని రద్దును

పాఠశాలలో నే పలుకు చెల్లును, ఏ పలుకు చెల్లదు అను ప్రశ్న వ్యాకరణమునకు మాత్రమే సంబంధించినది కాదు. ఏ పలుకు చెల్లునని శాసన మేర్పడునో, ఆ పలుకు వినబడు నింటి బిడ్డకు చదువు తేలిక యగును. తక్కిన బిడ్డలకు విషయ మొక భారమును భాష మఱొక భారమును అగును. మదరాసు రాజధానిలోని తెలుగు జిల్లాలలో నీ ప్రశ్న 1906 మొదలు 1915 వఱకు తీవ్రముగా జర్చింపబడెను. ఆ పదేండ్లలో బాలుర కనుకూలమైన యనుజ్ఞ యొకటి పుట్టి, వేరూనకమునుపే తొలగింపబడెను. ఆ చరిత్రము నేటి యుపాధ్యాయులకును దెలియదగినది.

పరవస్తు చిన్నయసూరి నీతిచంద్రిక 1853లోను, బాలవ్యాకరణము 1858లోను వెలువడినవి. ఈ రెండును బాఠశాలలలో బ్రమాణములైన పిదప వచనమునకు గూడ గావ్యభాషయే హద్దు అయ్యెను. అంతకుముందు వచనమున కట్టి నియమము లేదు. ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830–31లో జేసిన కాశీయాత్రను దాము మాటలాడు తెలుగునకు సమీపమైన భాషలోనే వ్రాసిరి. ఆ గ్రంథము 1838లో అచ్చయ్యెను. కావున వాడుకభాషలో వచనము వ్రాయుట యిరువదవ శతాబ్దమున బుట్టిన వింత కాదు. నడుమ మూయబడిన పాతదారియే.

1906లో జె. ఎ. యేట్సు దొర విశాఖపట్టణ ప్రాంతమునకు బాఠశాలల పరీక్షాధికారిగా వచ్చెను. తాను బుస్తకములలో నేర్చిన తెలుగును జనులు మాటలాడు తెలుగును వేఱువేఱుగా నుండుట యేమని యాయన విచారించెను. ఈ ప్రశ్నను దమ దిగా జేసికొన్నవారు మువ్వురు: పర్లాకిమిడిలో నుపాధ్యాయులైన గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారు, విజయనగర సంస్థానము నాశ్రయించియున్న గురజాడ అప్పారావుగారు, విశాఖపట్టణమున గళాశాలాధ్యక్షులైన పి. టి. శ్రీనివాసయ్యంగారు. వీరిలో రామమూర్తిగారి యనుభవము విశిష్టమైనది. ఆయన యంతకుముందే సవరల భాషను నేర్చి, ఆ బిడ్డలకు వారి మాటలోనే చదువు చెప్పించి, దానికి దగిన పుస్తకములు సమకూర్చినవారు. లిపి లేని భాషలో బిడ్డలు చదువగలుగుట జూచినవారికి, వేయేండ్ల వాఙ్మయము గల తెలుగు బిడ్డలు తమ మాటలో వ్రాయరాదనుట వింతగా దోచుట సహజము.

మెట్రిక్యులేషను స్థానమున స్కూలు ఫైనలు పరీక్ష వచ్చినప్పుడు దేశభాషలో వ్యాసరచనకు బ్రాముఖ్యము గలిగెను. ఆ వ్యాసమును గావ్యభాషలోగాని యాధునిక భాషలోగాని వ్రాయవచ్చునని 1912–13లో బరీక్షా సంఘ కార్యదర్శి యుత్తరువు చేసెను. ఆధునిక భాషకు మాదిరులుగా బ్రౌను దొర తెలుగు రీడరును కాశీయాత్ర చరిత్రయును బేర్కొనబడెను. ఈ యుత్తరువు గ్రాంథికమును నిషేధింపలేదు, ఎవరిని నిర్బంధింపలేదు. రెండు త్రోవలు దెఱచి, బాలుని యిష్టమునకు వదలినది మాత్రమే.

అయినను బండితలోకమున గొప్ప కలవరము పుట్టెను. 1911లో మదరాసున స్థాపితమైన ఆంధ్ర సాహిత్య పరిషత్తు దీనికి బ్రతిపక్షమయ్యెను; జయంతి రామయ్య పంతులుగారు దానికి నాయకులు. వారి వాదమును జులకనగా ద్రోయరాదు. గంజామునకును నెల్లూరునకును నడుమ మాట మారుచుండగా, ఏ జిల్లా వాడుకను బ్రమాణముగా గ్రహింపవలెను? నన్నయ నాటి భాషతో బరిచయము తప్పినచో భారత భాగవతములు ముందుతరమువారికి బరభాష కావా? ఈ ప్రశ్నలు రెండును యథార్థమైనవే. ఆ పరిషత్తువారే సూర్యరాయాంధ్ర నిఘంటువు వంటి మహాకార్యమును దలపెట్టి సాగించిన భాషాసేవకులు. ఐనను వారిలోనే వైరుధ్యము లేకపోలేదు. గ్రాంథిక పక్షమున నిలిచిన వేదము వేంకటరాయశాస్త్రిగారు తమ ప్రతాపరుద్రీయ నాటకమున బాత్రముల నోట వాడుకమాటలే పలికించిరి. రంగస్థలమున నొప్పిన మాట విద్యార్థి వ్యాసమున నేల తప్పగును అను ప్రశ్నకు సమాధానము సులభము కాదు.

మదరాసు విశ్వవిద్యాలయము వ్యాసరచనా భాషను నిర్ణయించుట కొక సంఘము నేర్పఱచెను. అందలి యధికసంఖ్యాకులు గ్రాంథికమునకే మొగ్గిరి. సభ్యులైన అప్పారావుగారు విస్తరమైన యసమ్మతి పత్రమును 1914లో సమర్పించిరి. ఎన్నడును నోట బలుకబడని భాషను బాలునిచే వ్రాయించుట విద్యాభివృద్ధికి విఘాతమని వారి వాదసారము. ఆ వాదము నెగ్గలేదు. సభలు, మహజర్లు, పత్రికా లేఖలు ప్రభుత్వముపై నొత్తిడి తేగా, 1915 నాటికి విద్యార్థుల కీయబడిన స్వేచ్ఛ రద్దయ్యెను. ఆ యేటనే నవంబరు 30వ తేదీన అప్పారావుగారు కాలధర్మము నొందిరి.

రద్దువలన బోధన యెట్లు మారెనో చూడవలెను. బాలుడు తన యూహను 'వస్తున్నాడు, చేస్తాము' అని వాడుకలో దలచి, కాగితముమీద 'వచ్చుచున్నాడు, చేయుదుము' అని మార్చుకొనవలసివచ్చెను. వ్యాసరచన యూహను విస్తరింపజేయు పని గాక రూపములను దిద్దుకొను పని యయ్యెను. ఉపాధ్యాయుడును విషయము తోచినదా యని చూచుటకు మాఱుగా, సంధి తప్పినదా, క్రియారూపము చెడినదా యని యెఱ్ఱగీతలు గీయువాడయ్యెను. పండితుల యిండ్ల బిడ్డలు వినికిడి చేతనే కొంత నేర్తురు. తొలిసారి బడిమెట్టెక్కిన కాపుబిడ్డకు, సాలెబిడ్డకు, మాలబిడ్డకు నట్టి వినికిడి యెక్కడిది? మఱియు రామమూర్తిగారు తమ భాషావిమర్శలలో, ప్రసిద్ధ పండితుల గ్రాంథిక వచనము గూడ వ్యాకరణ దోషములతో నిండియుండుట నుదాహరణములతో జూపిరి. గురువునకే వశముగాని భాషను శిష్యునకు బరీక్షగా నుంచుట న్యాయమా యను ప్రశ్న యట్లు మిగిలెను.

ఈ యనుజ్ఞ యింత సులభముగా నేల కూలెను? అది పరీక్షలో మొదలయ్యెను గాని పాఠ్యపుస్తకములో మొదలుకాలేదు. ఆధునిక భాషలో రీడరులు తగినన్ని లేవు. ఉపాధ్యాయులకు శిక్షణము లేదు. ఏ రూపము శిష్టమో, ఏది కాదో చెప్పు లక్షణగ్రంథము లేదు. ఒక కార్యదర్శి కలముతో వచ్చినది మఱొక కలముతో బోయెను. ఈ లోపమును సంస్కర్తలే గ్రహించినట్లు వారి తరువాతి కృషి తెలుపుచున్నది. 1919 ఫిబ్రవరి 28వ తేదీన రాజమహేంద్రవరమున వర్తమానాంధ్ర భాషా ప్రవర్తక సమాజ మేర్పడెను. గ్రాంథికమున బెక్కు గ్రంథములు వ్రాసిన కందుకూరి వీరేశలింగము పంతులుగారు దాని కధ్యక్షులైరి. రామమూర్తిగారు 'తెలుగు' అను మాసపత్రికను నడపి, ప్రాచీన వచనములను సంపుటీకరించి, వాడుకరూపములకు బూర్వప్రయోగములు జూపిరి. 1924లో బరిషత్తే తన నిషేధమును దొలగించెను. 1968లో హైదరాబాదున స్థాపితమైన తెలుగు అకాడమి కళాశాలా గ్రంథములను శిష్టవ్యావహారికముననే ప్రకటించెను. ఉత్తరువుతో నిలువనిది పుస్తకముతో నిలిచెను.

నిజాము రాష్ట్రమున సమస్య వేఱు. హైదరాబాదునకు దూర్పుననున్న ఉప్పల్, నాచారము, చర్లపల్లి వంటి గ్రామములలో నింటిభాష తెలుగు. రాజభాషయు నున్నతవిద్యాభాషయు నుర్దూ. ఆ గ్రామములకు సమీపముననే వెలసిన ఉస్మానియా విశ్వవిద్యాలయము 1918లో నుర్దూ మాధ్యమముతో బ్రారంభమయ్యెను. దేశభాషలో నున్నతవిద్య చెప్పవచ్చునని చూపిన కీర్తి దానిదే. కాని యా దేశభాష తెలుగు రైతుబిడ్డది కాదు. 1921లో వివేకవర్ధనీ శాలలో జరిగిన సంఘసంస్కార సభలో దెలుగున బ్రసంగింపబోయిన ఆలంపల్లి వేంకటరామారావుగారు గేలిచేయబడిరి. ఆ యవమానమే ఆంధ్రజనసంఘమునకు బుట్టుక. మదరాసులో దెలుగునందే యొక రూపము త్రోయబడగా, హైదరాబాదున దెలుగే త్రోయబడెను. బిడ్డ పడిన బాధ రెండుచోట్ల నొక్కటే.

2004లో ఆంధ్రప్రదేశ ప్రభుత్వము సవర, కోయ, గోండి, కొలామి మొదలగు నెనిమిది భాషలలో గిరిజన బాలురకు బ్రాథమికవిద్య నారంభించెను. రామమూర్తిగారు సవరపల్లెలలో వేసిన విత్తు నూఱేండ్లకు మొలకెత్తినట్లయ్యెను. నేడు చర్లపల్లి పారిశ్రామికవాడ. పొరుగు రాష్ట్రముల కూలీల బిడ్డలును దెలుగు బిడ్డల సరసనే కూర్చుండు చోటు. ఆ తరగతిలో నే మాట చెల్లవలెనను ప్రశ్న మరల లేచుచునే యుండును. అనుజ్ఞ యిచ్చు ప్రభువు దానిని మరల దీసికొనగలడు. కాని తగిన పుస్తకమును, దానిని నమ్మి చెప్పు గురువును బడిలో నిలిచినచో, ఆ చదువును రద్దుచేయుట యంత సులభము కాదు.