మోటుపల్లి అభయము నుండి తీర రక్షక దళము వరకు

అనంతపురం సీమలోని తాడిమర్రి సముద్రమునకు చాల దూరముననున్న మెట్టప్రాంతపు ఊరు. అయినను ఆ ప్రాంతమున పారు చిత్రావతి పెన్నలో కలియును. పెన్న నెల్లూరు మీదుగా బంగాళాఖాతమును చేరును. ఎండుచేప మొదలు ఓడలలో వచ్చు ముడిచమురు వరకు ఎన్నియో వస్తువులు సముద్రము దాటియే అచటివారికి అందుచున్నవి. కనుక సముద్రముపై భద్రత తీరవాసులకు మాత్రమే చెందిన విషయము కాదు.

ఈ భద్రతను గూర్చి తెలుగు నేలపై ఒక రాజు వ్రాయించిన మాట, చీరాలకు సమీపమున సముద్రతీరముననున్న మోటుపల్లిలో శిలపై కలదు. క్రీ.శ. 1244–45లో కాకతి గణపతిదేవుడు వేయించిన దీనిని అభయశాసనమందురు. అంతకు పూర్వము తుపానులో పగిలి ఒడ్డుకు కొట్టుకొనివచ్చిన ఓడలలోని బంగారమును, ఏనుగులను, గుఱ్ఱములను, రత్నములను రాజులు బలవంతముగా తీసికొనుచుండిరి. గణపతిదేవుడు ఆ ఆచారమును మాన్పి, నియతమైన సుంకము తప్ప మరేమియు తీసికొనబోమని వర్తకులకు అభయమిచ్చెను. ఎగుమతి దిగుమతులపై ఆ సుంకము ముప్పదింట ఒక వంతు. అనగా 30 మాడల సరకుకు 1 మాడ.

దీనివలన రాజునకు నష్టము కలిగెనా? పగిలిన ఓడను దోచుకొన్న రాజునకు లాభము ఒక్కసారియే. ఆ వర్తకుడు మరల రాడు. సుంకము స్వల్పమైనను ఓడలు వచ్చినంతకాలము చేతికందును. 1358లో రెడ్డిరాజైన అనపోతారెడ్డి కూడ మోటుపల్లిలోనే వర్తకులకు అభయమిచ్చుచు శాసనము వేయించెను.

కాని ఈ అభయము ఒడ్డుననే ఆరంభమగును. నడిసముద్రమున మునుగుచున్నవానికి అది చేయి అందింపజాలదు. ఆ పని ఆధునిక కాలమునకు మిగిలినది.

1960, 70 దశకములలో పడమటి తీరమున బంగారము మొదలగువాని దొంగరవాణా పెరిగెను. 1974లో బొంబాయి హై వద్ద సముద్రగర్భమున చమురు కనుగొనబడెను. 1976 నాటి చట్టముచే తీరమునుండి 200 నాటికల్ మైళ్ల వరకు గల చేపలపై, చమురుపై, ఖనిజములపై భారతదేశమునకు హక్కు ఏర్పడెను. ఒక నాటికల్ మైలు 1.852 కిలోమీటర్లు గనుక, ఈ దూరము సుమారు 370 కిలోమీటర్లు. ఇంత విశాలమైన నీటికి నిత్యము కాపలా కాయుట యుద్ధమునకై ఏర్పడిన నౌకాదళము పని కాదు. 1974లో కె. ఎఫ్. రుస్తుంజీ అధ్యక్షతన నియమింపబడిన సంఘము ఇందుకై ప్రత్యేక దళమును సూచించెను. 1977 ఫిబ్రవరి 1న తాత్కాలికముగా మొదలైన తీర రక్షక దళమునకు 1978లో చట్టము వచ్చెను. నౌకాదళమిచ్చిన 2 పాత ఫ్రిగేట్లు, 5 గస్తీ పడవలు దాని తొలి సంపద. ‘వయం రక్షామః’, అనగా ‘మేము రక్షింతుము’ అనునది దాని ధ్యేయవాక్యము.

ఆ 1977 నవంబరు 19ననే దివిసీమపై ఉప్పెన విరుచుకుపడి వేలాదిమందిని బలిగొన్నది. సముద్రమున ఆపదలోనున్న జాలరులను ఆదుకొనుట ఈ దళపు చట్టబద్ధమైన విధులలో ఒకటి. దొంగరవాణా అరికట్టుటలో సుంకశాఖకు తోడ్పడుట, సముద్రజలములు కలుషితము కాకుండ చూచుట, శాస్త్రీయ సమాచారమును సేకరించుట కూడ దాని విధులే. 2008లో ముష్కరులు సముద్రమార్గమున వచ్చి ముంబయిపై దాడి చేసిన పిదప, 2009లో 12 నాటికల్ మైళ్ల ప్రాదేశిక జలముల భద్రతకు కూడ ఈ దళమునే బాధ్యురాలిని చేసిరి.

ఆపదలోనున్న పడవ ఎచటనున్నదో తెలియుట ఎట్లు? జాలరుల పడవలో అమర్చు చిన్న యంత్రపు మీట నొక్కినచో, పడవ ఉన్న చోటును తెలుపు సంకేతము ఉపగ్రహమునకు పోయి, బెంగుళూరులోని ఇస్రో కేంద్రమునకు దిగును. అచటినుండి తీర రక్షక దళమునకు కబురందును. బెంగుళూరు హిందూపురమునకు సుమారు 100 కిలోమీటర్లే. అనగా బంగాళాఖాతమున పుట్టిన ఆర్తనాదము మొదట వినబడునది ఈ మెట్టసీమకు చేరువనే.

ఉపాధ్యాయులు ఆంధ్ర తీరపటముపై మోటుపల్లిని గుర్తింపజేసి, అచటినుండి 12, 200 నాటికల్ మైళ్ల దూరములను విద్యార్థులచే కొలిపింపవచ్చును. గణపతిదేవుని అభయము ఒడ్డునుండి ఎంత దూరము ముందుకు సాగినదో ఆ కొలతయే చూపగలదు.