స్విఫ్ట్ అర్రేలలో దత్తాంశసహిత ఎనమ్‌లు: పోలికయు ప్రతిస్థాపనమును

ఒక విలువ కొన్ని నియతరూపములలో ఏదో యొకటి మాత్రమే యగుననియు, ఆ రూపమును బట్టి దానివెంట వేర్వేరు దత్తాంశము చేరియుండుననియు ప్రకటించు నిర్మాణమునకు స్విఫ్ట్ భాషలో ఎనమ్ అని పేరు. డౌన్‌లోడుల పట్టిక యొకటి అర్రేగా నున్నదనుకొన్నచో, అందలి ప్రతి మూలకమును ‘వేచియున్నది’, ‘జరుగుచున్నది’, ‘ముగిసినది’ అను కేసులలో నొకటై, రెండవదానివెంట శాతమును, మూడవదానివెంట ఫైలు చిరునామాయు నుండును.

ఈ భావమునకు మూలము ప్రాచీనతరము. నిక్లాస్ విర్త్ 1970లో ప్రకటించిన పాస్కల్ భాషయందు వేరియంట్ రికార్డులు కలవుగాని, రూపమును తెలుపు గుర్తుకును దత్తాంశమునకును పొంతన చెడినపుడు కంపైలర్లు సాధారణముగా వారింపకుండెను. ఎడింబరో విశ్వవిద్యాలయమున రాడ్ బర్‌స్టాల్, డేవిడ్ మెక్వీన్, డాన్ సనెల్లా రూపొందించి 1980లో వెల్లడించిన హోప్ భాష, విలువను ఆకృతినిబట్టి గుర్తించి లోపలి దత్తాంశమును వెలికిదీయు ప్యాటర్న్ మ్యాచింగునకు స్పష్టరూప మొసగెను. స్టాండర్డ్ ఎంఎల్, హాస్కెల్ భాషలు దానిని పెంపొందించెను. క్రిస్ లాట్నర్ 2010లో ఆరంభింపగా యాపిల్ సంస్థ 2014 జూన్‌లో ప్రకటించిన స్విఫ్ట్ ఈ వారసత్వమును మొదటినుండియు స్వీకరించెను. విలువ లేకుండుటను సూచించు ఆప్షనల్ సైతము అందొక ఎనమే.

తొలుత ఒక్క కేసును పరీక్షించుటకును స్విచ్ వ్రాయవలసి యుండగా, 2015 నాటి స్విఫ్ట్ 2 ‘ఇఫ్ కేస్’, ‘ఫర్ కేస్’ ప్రయోగములతో ఆ శ్రమను తగ్గించెను. 2018లో వెలువడిన స్విఫ్ట్ 4.1 దత్తాంశసహిత ఎనమ్‌లకు సమానతా పరీక్షను కంపైలరే కల్పించు సదుపాయమును తెచ్చినది. అయినను ఆ పరీక్ష దత్తాంశమును గూడ పోల్చును గావున, 40 శాతమునందున్న డౌన్‌లోడు 60 శాతమునందున్న దానికి సమము కానేరదు. శాతమెంతైనను జరుగుచున్న వాటినన్నింటిని ఏరదలచినవారికి ప్యాటర్నే శరణ్యము.

పోలిక యిట్లు సుగమమైనను ప్రతిస్థాపనము మాత్రము నేటికిని క్లిష్టముగనే యున్నది. అర్రేయు ఎనమును విలువ రకములగుటచే ఫర్ లూపున చేతికందునది నకలు మాత్రమే. దానిని దిద్దినంత మాత్రమున అర్రే మారదు. కావున తగిన మూలకముయొక్క ఇండెక్సును కనుగొని, పాత శాతమును వెలికిదీసి, క్రొత్త శాతముతో ఆ కేసునే మరల నిర్మించి, అదే ఇండెక్సున నిలుపవలెను. 2023 నాటి స్విఫ్ట్ 5.9లో స్విచ్ తానే విలువ నీయగలుగుటచే ఈ వ్రాత కొంత పొట్టిదయ్యెనేగాని పద్ధతి మారలేదు. రస్ట్ భాషలో ప్యాటర్న్ ద్వారానే లోపలి దత్తాంశమును ఉన్నచోట దిద్దవచ్చునుగదా యని తలచినపుడు, ఇది స్విఫ్ట్‌నకు కొఱతయే యనక తప్పదు.

ఇండెక్సు విషయమున నొక జాగ్రత్త యవసరము: ‘ఎన్యూమరేటెడ్’ ఇచ్చునది సున్నతో మొదలగు వరుససంఖ్య; అర్రేలో కొంత భాగమును చూపు స్లైసులకు ఆరంభపు ఇండెక్సు సున్న కాకపోవచ్చును గనుక, అచ్చట ‘ఇండైసెస్’ను వాడుటయే క్షేమము.