పొట్టలో దొంగ, ఊపిరిలో జాడ

1950ల మొదట్లో ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్ విశ్వవిద్యాలయంలో హాన్స్ కార్న్‌బర్గ్ అనే యువ పరిశోధకుడు పిల్లుల ఊపిరిని పట్టి కొలిచేవాడు. ముందు వాటి ఒంట్లోకి యూరియా ఎక్కించేవాడు. మామూలు యూరియా కాదు, అందులోని కార్బన్‌కు రేడియోధార్మిక గుర్తు ఉండేది. కాసేపటికి ఆ గుర్తున్న కార్బనే, పిల్లులు విడిచే గాలిలో కార్బన్ డయాక్సైడ్‌గా బయటపడేది. అంటే లోపల ఎక్కడో యూరియా విరుగుతోంది. యాంటీబయాటిక్ ఇస్తే ఆ పని ఆగిపోయేది.

ఇవాళ పొట్ట డాక్టర్లు రోగి చేత సంచిలోకి ఊదించి చేసే పరీక్ష సారమంతా ఇదే. పిల్లి స్థానంలో మనిషి, అంతే. అయినా అక్కడి నుంచి ఇక్కడికి రావడానికి ముప్పై ఏళ్లకు పైగా పట్టింది. ఎందుకంటే, యూరియాను విరిచే ఎంజైము ఎవరిది అన్న ప్రశ్నకు అప్పటికే ఒక తప్పు జవాబు పాతుకుపోయి ఉంది.

ఆ ఎంజైము పేరు యూరియేజ్. అది పొట్ట గోడలో ఉందని 1924లోనే ముర్రే లక్, టి. ఎన్. సేఠ్ ప్రకటించారు. నిజానికి క్షీరదాల కణాలు యూరియేజ్‌ను తయారు చేసుకోలేవు. అది మొక్కలకూ సూక్ష్మజీవులకూ తెలిసిన విద్య. కానీ అప్పట్లో దాన్ని పొట్ట సొంత సొమ్ముగానే లెక్కగట్టారు. డబ్లిన్‌లో ఆలివర్ ఫిట్జ్‌జెరాల్డ్ మరో అడుగు వేశాడు. యూరియా విరిగితే అమోనియా పుడుతుంది, అమోనియా ఆమ్లం పదును తగ్గిస్తుంది, కాబట్టి పొట్ట గోడను కాపాడటానికే ఈ ఎంజైము ఉందన్నాడు. అల్సర్ రోగులకు యూరియా ఇచ్చి కూడా చూశాడు. దొంగను కాపలావాడనుకుని జీతం పెంచినట్టయింది! ఆయన రసాయన శాస్త్రంలో మాత్రం పొరపాటు లేదు. అమోనియా ఆమ్లాన్ని తగ్గించేది నిజమే, కాపాడేది మాత్రం పొట్టను కాదు, అందులో దాక్కున్న సూక్ష్మజీవిని.

1954లో అమెరికన్ సైనిక వైద్యుడు ఎడ్డీ పామర్ వెయ్యికి పైగా పొట్ట ముక్కలు పరీక్షించి సూక్ష్మజీవులేమీ లేవన్నాడు. ఆయన వాడిన రంగులో అవి సరిగా కనబడవు. 1950ల చివర్లో బెల్జియం వైద్యులు లీబర్, లెఫెవ్ర్ కిడ్నీలు పాడైన రోగులకు టెట్రాసైక్లిన్ అనే యాంటీబయాటిక్ ఇస్తే పొట్టలో అమోనియా మాయమవుతోందని చూపారు. ఇంతకంటే బలమైన సాక్ష్యం ఏం కావాలి? అయినా ఎక్కువమంది పట్టించుకోలేదు. ఆమ్లంలో ఏ జీవీ బతకదన్నది అప్పటి నమ్మకం. అల్సర్‌కు పాలూ మీగడా తాగించారు, పొట్టకు వెళ్లే నరాలు కత్తిరించారు, 1970ల చివరికి ఆమ్లం తగ్గించే సిమెటిడిన్ మాత్రలు వచ్చాయి. మన ఇళ్లలో నింద కారం మీదా, ఖాళీ కడుపున తాగే కాఫీ మీదా పడింది.

1979లో ఆస్ట్రేలియాలోని రాయల్ పెర్త్ ఆసుపత్రిలో పాథాలజిస్టు రాబిన్ వారెన్ పొట్ట ముక్కల్లో వంకర బ్యాక్టీరియాను గమనించాడు. తర్వాత బారీ మార్షల్ జతకలిశాడు. ల్యాబులో ఆ బ్యాక్టీరియాను పెంచబోతే 34 మంది రోగుల నమూనాలు వట్టిపోయాయి. పళ్లేలను రెండు రోజులకే పారేయడం అక్కడి అలవాటు మరి. 1982 ఈస్టర్ సెలవుల్లో ఒక నమూనా ఐదు రోజులు మరిచిపోయినట్టు ఉండిపోయింది. అదే మొలిచింది. పొట్ట జబ్బుకు మూలం ఈ బ్యాక్టీరియానే అంటే ఎవరూ నమ్మకపోయేసరికి 1984లో మార్షల్ ఆ బ్యాక్టీరియాను తానే తాగేశాడు. వాంతులు పట్టుకున్నాయి, నోరు కంపు కొడుతోందని ఇంట్లోవాళ్లే చెప్పారు. పదో రోజున గొట్టం వేసి చూస్తే పొట్ట గోడ వాచి ఉంది, అందులో బ్యాక్టీరియా కూడా ఉంది. 2005లో ఇద్దరికీ నోబెల్ వచ్చింది.

ఈ బ్యాక్టీరియా పేరు హెలికోబ్యాక్టర్ పైలోరీ. దానిలో యూరియేజ్ విపరీతంగా ఉందని 1984లోనే తేలింది. దాంతో పాత పిల్లుల ప్రయోగానికి అర్థం దొరికింది. ఊపిరి పరీక్షను 1987లో అమెరికాలోని హ్యూస్టన్‌లో డేవిడ్ గ్రాహం, పీటర్ క్లైన్ బృందం కార్బన్-13తో ప్రకటించింది. మరుసటి ఏడాది మార్షల్, ఐవర్ సర్వేయర్ కార్బన్-14తో చేసిన పరీక్ష అచ్చయింది. కార్బన్-14 మాత్రలో రేడియోధార్మికత అతి స్వల్పం. కార్బన్-13లో అసలే ఉండదు కాబట్టి పిల్లలకూ గర్భిణులకూ దాన్నే ఎంచుకుంటారు. కాకపోతే ప్రకృతిలోని కార్బన్‌లో సుమారు 1.1 శాతం అదే. అందుకే యూరియా తాగకముందు ఒకసారి, తాగాక అరగంట లోపు మరోసారి ఊదించి తేడా చూస్తారు.

రక్త పరీక్షకు లేని గుణం ఒకటి దీనికుంది. బ్యాక్టీరియా చచ్చినా రక్తంలో యాంటీబాడీలు నెలల తరబడి మిగులుతాయి. ఊపిరిలో మాత్రం బతికున్నవాటి జాడే వస్తుంది. అందుకే మందుల కోర్సు ముగిసిన నాలుగు వారాల తర్వాత, పని జరిగిందో లేదో తేల్చడానికి ఈ పరీక్షనే ఎక్కువగా నమ్ముతారు. ఇదే గుణం ఒక్కోసారి మోసం కూడా చేస్తుంది. పొద్దున్నే పరగడుపున, ఆమ్లం తగ్గించే పాంటోప్రజోల్ మాత్ర వేసుకోవడం మనలో ఎంతోమందికి కాఫీ అంత అలవాటైపోయింది. ఆ మాత్ర బ్యాక్టీరియాను చంపదు, అణచి ఉంచుతుంది. దాన్ని రెండు వారాలైనా ఆపకుండా వెళ్లి ఊదితే, పొట్టలో బ్యాక్టీరియా ఉన్నా రిపోర్టు లేదనే చెప్పవచ్చు. ఆపే ముందు డాక్టరును అడగాలి, వెళ్లేటప్పుడు ఏయే మాత్రలు వాడుతున్నామో రాసుకుని వెళ్లాలి.