స్వేచ్ఛా సాఫ్టువేరు పరిభాష: నామములు, వర్ణక్రమము

పరభాషనుండి ఒక శాస్త్రము మన భాషలోనికి వచ్చునపుడు రెండు చిక్కులు కలుగును. మొదటిది వస్తువునకు పేరు పెట్టుట; రెండవది ఆ పేరును మన లిపిలో వ్రాయుట. కంప్యూటరు శాస్త్రమున ‘ఫ్రీ సాఫ్టువేరు’ అనియు, ‘ఓపెన్ సోర్సు’ అనియు వ్యవహరింపబడు శాఖ ఈ రెండు చిక్కులకును తగిన ఉదాహరణము. ఇందలి ముఖ్య నామములు పుట్టిన తీరును పరిశీలించి, వానిని తెలుగున ఎట్లు చెప్పవలయునో, ఎట్లు వ్రాయవలయునో ఈ వ్యాసమున విచారింపదలచితిమి. ఇంగ్లీషు పదము సందిగ్ధముగా విడిచిన అంశమును తెలుగు పదము పలుమారు తేల్చి చెప్పక తప్పదు. కావున పదము చరిత్ర తెలియక అనువాదమునకు పూనుకొనరాదనుట మా అభిప్రాయము.

సాఫ్టువేరునకు రెండు రూపములు కలవు. మనుష్యులు చదివి దిద్దదగినది ఒకటి. యంత్రము నడపదగినది మరియొకటి. మొదటిదానిని ఇంగ్లీషున ‘సోర్సు కోడు’ అందురు. ప్రాచీన గ్రంథపరిష్కరణమున మూలము, మూలప్రతి అను మాటలు మనకు చిరపరిచితములు గనుక దీనిని మూలపాఠమనుట సహజముగా నున్నది. మూలపాఠమును దాచి, యంత్రరూపమును మాత్రమే ఇచ్చు పద్ధతి ప్రబలుచున్న కాలమున, 1983 సెప్టెంబరు 27న అమెరికాలో రిచర్డు స్టాల్మన్ గ్నూ అను ప్రణాళికను ప్రకటించెను. 1985లో ఫ్రీ సాఫ్టువేరు ఫౌండేషను ఏర్పడెను. 1986 ఫిబ్రవరిలో ‘ఫ్రీ సాఫ్టువేరు’నకు నిర్వచనము వెలువడెను. అందు మొదట రెండు అంశములే యుండెను: ప్రతులు తీసి పంచుకొను స్వేచ్ఛ, మార్చుకొను స్వేచ్ఛ. తరువాత అవి నాలుగైనవి: ఏ పనికైనను నడుపుకొనుట, చదివి మార్చుకొనుట, పంచుట, మార్చిన ప్రతిని పంచుట.

ఇంగ్లీషున ‘ఫ్రీ’ అను మాటకు వెల లేనిదనియు, బంధనము లేనిదనియు రెండర్థములు. ఉద్యమకారుల ఉద్దేశము రెండవది. ప్రతిని వెలకు అమ్ముటను వారి నిర్వచనము నిషేధింపదు. అయినను వినువారికి మొదటి అర్థమే ముందుగా తోచుచు వచ్చినది. 1998 జనవరిలో నెట్‌స్కేపు సంస్థ తన బ్రౌజరు మూలపాఠమును వెల్లడింతునని ప్రకటించెను. ఆ సందర్భమున, ఫిబ్రవరి 3న కాలిఫోర్నియాలోని పాలో ఆల్టోలో జరిగిన సమావేశమున, క్రిస్టీన్ పీటర్సన్ కల్పించిన ‘ఓపెన్ సోర్సు’ అను పేరు స్వీకరింపబడెను. ఆ నెలలోనే ఎరిక్ రేమండు, బ్రూస్ పెరెన్స్ అనువారు ఆ పేరుతో సంస్థను స్థాపించిరి. డెబియను వారు 1997లో ఏర్పరచుకొన్న మార్గదర్శక సూత్రములే స్వల్పమైన మార్పులతో దాని నిర్వచనమైనవి. స్టాల్మన్ క్రొత్త పేరును అంగీకరింపలేదు. స్వేచ్ఛను చెప్పు మాటయే అందు లోపించినదని ఆయన వాదము. ఇట్లు ఇంచుమించు ఒకే వస్తుసముదాయమునకు రెండు పేర్లు నిలిచినవి. భేదము వస్తువునందుకంటె దృష్టియం దెక్కువ.

ఇక తెలుగు మాట. ‘ఫ్రీ’కి ఉచితమను పదమును వాడుట సులభము, కాని అది తప్పు. ఉచితమను పదమునకు సంస్కృతమున తగినది అని అర్థము. తెలుగు వాడుకలో వెల లేనిదను అర్థమును వచ్చినది. ఈ రెండింటిలో ఏదియు స్వేచ్ఛను చెప్పదు. ‘ఉచిత సాఫ్టువేరు’ అని చదివిన తెలుగువాడు దానిని దానముగా తలచును గాని, దానియందు తనకొక హక్కు కలదని గ్రహింపడు. ఇంగ్లీషు పదము రెండర్థములలో ఒకటియైనను సరియైనది చెప్పును. ఈ అనువాదము ఆ ఒక్కదానినే కోల్పోవుచున్నది. ఫ్రెంచివారు ‘లీబ్ర్’, ‘గ్రాత్వీ’ అను వేర్వేరు పదములు తమకుండుటచే ఈ చిక్కులో పడలేదు. మలయాళ దేశమున ఇట్టి కృషి చేయువారు ‘స్వతంత్ర’ శబ్దమును తమ సంఘనామమున నిలుపుకొనిరి. హైదరాబాదున తెలుగు కంప్యూటరు కృషికి పూనుకొనిన సంస్థ ‘స్వేచ్ఛ’ అను పేరునే గ్రహించినది. స్వతంత్ర శబ్దమునకు తెలుగున ‘మరియొకదానిపై ఆధారపడనిది’ అను అర్థము బలముగా నున్నందున, స్వేచ్ఛా శబ్దమే మాకు మేలుగా తోచుచున్నది.

‘ఓపెన్ సోర్సు’ను బహిరంగ మూలమనవచ్చును. కాని మూలము బహిరంగమైనంత మాత్రమున నిర్వచనము నెరవేరదు. ఆ నిర్వచనమున పది నియమములు కలవు. మార్చుటకును, మరల పంచుటకును అనుమతి యుండవలయుననుట వానిలో ముఖ్యము. అద్దాల బీరువాలోని పుస్తకము అందరికి కనబడును, చదువుటకు చిక్కదు. కావున ‘స్వేచ్ఛా’, ‘బహిరంగ’ శబ్దములను పర్యాయములుగా కలిపివేయక, ఏ పక్షమువారు చెప్పిన మాటయో గుర్తించి వేర్వేరుగ వాడుట చరిత్రకు న్యాయము.

సంజ్ఞానామముల విషయము వేరు. అవి అనువాదమునకు లొంగవు; వ్రాతకు లొంగవలయును. ‘గ్నూ’ అనునది ‘గ్నూ యునిక్సు కాదు’ అను ఇంగ్లీషు వాక్యములోని పదముల మొదటి అక్షరముల కూర్పు. విరిచిన కొలది తన్ను తానే మరల చెప్పుకొను చమత్కారము. ఇదే వర్ణక్రమము గల ఆఫ్రికా మృగనామమున ఇంగ్లీషువారు గకారమును పలుకరు. ఈ నామమున గకారము పలుకవలయునని కర్తలే చెప్పిరి. ఇంగ్లీషున ఇది వేరుగ బోధింపవలసిన విషయము. తెలుగున ‘గ్నూ’ అని వ్రాసినంతనే తీరినది.

‘లినక్సు’ విషయమున లాభము తారుమారైనది. 1991లో ఫిన్లాండునందలి హెల్సింకి విశ్వవిద్యాలయ విద్యార్థి లీనుస్ టోర్వాల్డ్స్ ఒక కెర్నలును, అనగా యంత్రభాగములను నడపు కేంద్రభాగమును, రచించెను. ఆయన దానికి ‘ఫ్రీక్సు’ అను పేరు తలచెను. దానిని అందరికి అందుబాటున నుంచిన ఆరి లెమ్కే ఆ పేరు మెచ్చక ‘లినక్సు’ అను పేరుతో భద్రపరచెను, అదియే నిలిచెను. ఇంగ్లీషు వర్ణక్రమము ఒక్కటే. మొదటి అచ్చు హ్రస్వమో దీర్ఘమో ఐకారమో అది చెప్పదు. తెలుగు లిపి చెప్పక మానదు. అందుచే లినక్సు, లీనక్సు, లైనక్సు అను మూడు రూపములు మనకు కనబడుచున్నవి. కర్త స్వీడిషు మాతృభాషగా గలవాడు. తన కంఠమున ముద్రించి వినిపించిన ఉచ్చారణము ‘లీనుక్సు’నకు దగ్గర. ‘లైనక్సు’ ఆయన పేరును ఇంగ్లీషువారు ‘లైనస్’ అని పలుకుటనుండి వచ్చినది. ‘లినక్సు’ లోకమున హెచ్చుగ వినబడునది. యోగముకంటె రూఢి బలవత్తరమను మన శాస్త్రసంప్రదాయము ననుసరించి మేము ‘లినక్సు’నే గ్రహించితిమి.

కెర్నలు మాత్రమే పూర్తి వ్యవస్థ కాదు; గ్నూ భాగములు చేరిననే పెక్కు పంపిణీలు నడచును. అందుచే మొత్తమును గ్నూ, లినక్సు అను రెండు పేర్లతో, నడుమ వాలుగీత యుంచి, వ్రాయవలయునని స్టాల్మన్ పక్షము. డెబియను వారు 1994నుండి ఆ పద్ధతినే పాటించిరి. తెలుగు పాఠకునకు వాలుగీత ‘లేక’ అను అర్థము నిచ్చును గాన ఈ వ్రాత ఇచట పొసగదు. ద్వంద్వసమాసము చేయుదమన్న ‘రామలక్ష్మణులు’ వలె బహువచనము వచ్చును, వస్తువో ఒక్కటే. ‘గ్నూతో కూడిన లినక్సు’ అను అర్థమున మధ్యమపదలోపిగా ‘గ్నూలినక్సు’ అనుట వ్యాకరణమునకును, ఉభయుల కృషికిని సమ్మతము.

తుదకు పదాంతము. మన పూర్వులు పరభాషాపదములను అజంతములుగా చేసికొనిరి: రోడ్డు, బస్సు, కారు. నేటివారు ‘సాఫ్ట్‌వేర్’ అని పొల్లుతో వ్రాయుదురు. 1991లో వెలువడిన యూనికోడు తొలి ప్రమాణముననే తెలుగునకు స్థానము దొరకినది. ఆ విధానమున పొల్లు తరువాతి హల్లు వత్తుగా మారును. దానిని మారనీయకుండుటకు నడుమ కంటికి కనబడని చిహ్నమొకటి చేర్చవలయును. ఒకరు చేర్చి, ఒకరు చేర్పక వ్రాసినచో యంత్రమునకు అవి రెండు పదములు. ఒకదానిని వెదకిన రెండవది దొరకకపోవచ్చును. ‘సాఫ్టువేరు’ అని వ్రాసిన ఆ చిహ్నముతో పనియే లేదు. ‘సాఫ్టువేరును’, ‘సాఫ్టువేరులో’ అని విభక్తులును సుఖముగా చేరును. పాతదని విడిచిన పద్ధతి క్రొత్త యంత్రమునకే అనుకూలించుట గమనింపదగినది. ఈ వ్యాసమున పైని ‘నెట్‌స్కేపు’ అను పేరున మేమును ఆ చిహ్నమును వాడక తప్పలేదు. వ్యక్తులయు, సంస్థలయు పేర్లకు ఇట్టి సడలింపు అవసరమే.

కావున భావమును చెప్పు పదములను భావమెరిగి అనువదింపవలయును. సంజ్ఞలను ఉచ్చారణ రూఢుల ననుసరించి వ్రాయవలయును. పదాంతమును తెలుగు స్వభావమునకు విడువవలయును. వీనిలో మొదటిదియే ముఖ్యము. వర్ణక్రమము తప్పిన పదము వెదకుటకు చిక్కదు. అర్థము తప్పిన పదము దొరకియు మోసగించును. ఉచితమని విన్నవాడు పుచ్చుకొని ఊరకుండును. స్వేచ్ఛయని విన్నవాడు మూలము విప్పి చదువును, దిద్దును, తన భాషలోనికి తెచ్చుకొనును. ఈ యంత్రములందు తెలుగు నిలుచుటకు అట్టివాడే ఆధారము.