రెప్ప నుంచి ఊపిరి దాకా

తమిళనాడులోని రాజపాళయంలో రెప్ప వాలిపోయినవాళ్లు సాధారణంగా ముందు కంటి డాక్టరు దగ్గరికే వెళతారు. విజయనగర కాలంలో తెలుగు నేల నుంచి వలస వచ్చిన రాజు కులస్థుల ఇళ్లలో ఈనాటికీ తెలుగు వినిపించే మిల్లుల ఊరు ఇది. ఇక్కడి నుంచి మదురై సుమారు 85 కిలోమీటర్లు. డాక్టర్ గోవిందప్ప వెంకటస్వామి 1976లో 11 పడకలతో అరవింద్ కంటి ఆసుపత్రి తెరిచింది అక్కడే. అదే ఏడాది అమెరికాలో జాన్ లిండ్‌స్ట్రోమ్ బృందం రెప్ప వాలడంతో మొదలవగల మయస్థీనియా గ్రేవిస్ అనే కండరాల నీరసపు జబ్బు రోగుల రక్తంలోని ప్రతిరక్షకాలను గుర్తించే పరీక్షను ప్రకటించింది.

పొద్దున బాగుండి, మధ్యాహ్నానికి నీరసించే రోగులను థామస్ విల్లిస్ 1672లోనే వర్ణించాడు. 1879లో ఎర్బ్, 1893లో వార్సా వైద్యుడు గోల్డ్‌ఫ్లామ్ రెప్పలు, దవడలు, మెడ ఒకే జబ్బులో చిక్కుతాయని చూపారు. 1895లో యోలీ దానికి పేరు పెట్టాడు. కంటితో ఆగిపోయే రోగులను ఒక ప్రత్యేక తరగతిగా విడదీసినవాడు ఆసర్‌మన్. అతని 1958 నాటి వర్గీకరణలో మొదటి గుంపు వాళ్లదే. ఆ గుంపులో ఎవరు మిగులుతారో, ఎవరు దాటిపోతారో ముందుగా చెప్పే దారి మాత్రం అప్పటికి లేదు.

జబ్బు మూలం తెలుసుకునే దారి మాత్రం పాము విషంలో దొరికింది. పడమటి కనుమల పాదాన ఉన్న రాజపాళయం ప్రాంతంలో కట్లపాము, నాగుపాము కాటు కొత్త కాదు. వాటి కాటుకు ముందు రెప్పలు వాలతాయి, తర్వాత మాట ముద్దవుతుంది, గొంతు దిగదు, చివరికి ఊపిరి ఆగుతుంది. మయస్థీనియా కూడా చాలామందిలో ఇదే వరసలో దిగుతుంది. పాముకు గంటలు చాలు, దీనికి నెలలు పడతాయి. దెబ్బ తగిలే చోటు ఒక్కటే: నరం కండరాన్ని తాకే సంధి. తైవాన్ కట్లపాము విషంలోని బంగారోటాక్సిన్ అక్కడ నరం పంపే సంకేతాన్ని అందుకునే ఎసిటైల్‌కోలిన్ గ్రాహకాలకు గట్టిగా అతుక్కుంటుంది. దాన్నే కొలబద్దగా వాడి 1973లో ఫాంబ్రో, డ్రాక్‌మన్, సత్యమూర్తి రోగుల కండరాల్లో గ్రాహకాలు బాగా తగ్గిపోయాయని తేల్చారు. అదే ఏడాది పాట్రిక్, లిండ్‌స్ట్రోమ్ విద్యుత్ ఈల్ చేప గ్రాహకాన్ని కుందేళ్లకు ఎక్కించగా, వాటికీ అదే నీరసం వచ్చింది. శరీరం తన గ్రాహకాలనే తాను చెరుపుకుంటోందని 1960లో సింప్సన్ చేసిన ఊహ నిలబడింది.

మరి కన్నే ముందెందుకు? కంటి కండరాలు వేగంగా, విరామం లేకుండా పనిచేస్తాయి. వాటి సంధుల్లో మిగులు బలం తక్కువ. చేతిలో కొద్దిపాటి బలహీనత తెలియకపోవచ్చు గాని, కన్ను వెంట్రుకవాసి పక్కకు జరిగినా ఒకటి రెండుగా కనిపిస్తుంది. కన్ను ఒక్కటే చెడినట్టున్న కొందరిలో, ఒంటి కండర తంతువులను విడిగా పరీక్షిస్తే చేతి కండరాల్లోనూ లోపం బయటపడుతుంది. అందుకే కంటికే పరిమితం అన్న మాటను నేను ఆ రోజుకు చెల్లే తీర్పుగానే చూస్తాను.

జబ్బు కన్ను దాటి పాకే గడువు విషయంలో లెక్కలు ఒక దిక్కే చూపాయి. 1983లో బెవర్ బృందం చూసిన కంటి రోగుల్లో దాదాపు సగం మందికి జబ్బు ఒళ్లంతా పాకింది, ఎక్కువగా మొదటి రెండేళ్లలోనే. ఆ రెండేళ్లలో అడగాల్సినవి చిన్న ప్రశ్నలే. అన్నం నములుతుంటే దవడ అలుస్తోందా? నీళ్లు ముక్కులోంచి వస్తున్నాయా? సాయంత్రానికి మాట ముక్కులోకి పోతోందా? తల దువ్వుకోవడానికి చేయి లేస్తోందా? మింగడం కష్టమైనా, పడుకుంటే ఊపిరి ఆడకపోయినా ఆ రోజే ఆసుపత్రి చేరాలి. రక్తపరీక్షలో ఏమీ కనిపించలేదని నిశ్చింతగా ఉండకూడదు. కంటి దశలో సుమారు సగం మందికి ఆ ప్రతిరక్షకాలు దొరకవు. థైమస్ గ్రంథిలో గడ్డ ఉందేమో ఛాతీ స్కానుతో చూడాలి. జెంటామైసిన్, సిప్రోఫ్లాక్సాసిన్ వంటి యాంటీబయాటిక్స్ ఈ నీరసాన్ని పెంచగలవు కాబట్టి, జ్వరానికి వెళ్లినా జబ్బు పేరు డాక్టరుకు చెప్పాలి.

పాకకుండా ఆపగలమా? 2003లో కప్పర్‌స్మిత్ బృందం పాత రికార్డులు తిరగేసింది. ప్రెడ్నిసోన్ అనే స్టీరాయిడ్ మాత్ర వాడినవాళ్లలో 7 శాతానికి, వాడనివాళ్లలో 36 శాతానికి రెండేళ్లలో జబ్బు విస్తరించిందని రాసింది. ఆశ కలిగించే తేడానే, కానీ మందు ఎవరికివ్వాలో చీటీ వేసి తేల్చిన అధ్యయనం కాదది. అలా తేల్చబోయిన ఎపిటోమ్ ప్రయోగం 2016లో ఫలితాలు ప్రకటించేనాటికి అందులో చేరినవాళ్లు 11 మందే. కంటి లక్షణాలకు మందు మేలు చేసింది; విస్తరణను ఆపుతుందా అన్నది తేలలేదు. ఈనాటికీ మదురైలో గాని మరోచోట గాని వైద్యుడు రోగి షుగరు, బీపీ, ఎముకల బలం చూసుకునే ఆ మాత్ర రాస్తాడు.