నీటి శీతలీకరణ గేమింగ్ కంప్యూటర్లలో ఫ్యాన్ల మార్పు: తిరుపతి, చిత్తూరు ప్రాంతం

ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డుల్లో పుట్టే వేడిని గొట్టాల్లో తిరిగే ద్రవంతో రేడియేటర్ దాకా మోయించి, అక్కడ ఫ్యాన్లతో గాలికి వదిలేసే ఏర్పాటును గేమర్లు ‘కస్టమ్ లూప్’ అంటారు. పంపు, రిజర్వాయర్, వాటర్ బ్లాకులు, రేడియేటర్లు, ఫ్యాన్లు అన్నీ విడివిడిగా కొని సొంతంగా బిగించుకోవడం దీని ప్రత్యేకత. వీటన్నిటిలో ద్రవాన్ని కదిలించకుండా, గొట్టం విప్పకుండా మార్చగలిగేవి ఫ్యాన్లే. అందుకే లూప్ కట్టుకున్నవాళ్లు మొదట తలపెట్టే మార్పు అదే. ఎండాకాలంలో పగటి వేడి 40 డిగ్రీలు దాటే తిరుపతి, చిత్తూరు, శ్రీకాళహస్తి వైపు ఈ మార్పు లెక్క చల్లని దేశాల లెక్కకు వేరుగా ఉంటుంది. విదేశీ సమీక్షల్లో రాసిన సెట్టింగులను ఇక్కడ యథాతథంగా దించితే డబ్బు పోతుంది, మోత మిగులుతుంది.

నేపథ్యం

కంప్యూటర్‌ను ద్రవంతో చల్లబరచడం కొత్త సంగతి కాదు. 1985లో వచ్చిన క్రే-2 సూపర్ కంప్యూటర్ సర్క్యూట్లను ఏకంగా ఫ్లోరినర్ట్ అనే ద్రవంలో ముంచి నడిపారు. 2004లో ఆపిల్ పవర్ మాక్ జీ5లో ఒక రకానికి ద్రవ శీతలీకరణ పెట్టింది. వాటిలో కొన్ని తర్వాత కారాయి కూడా. 2009 నాటి కోర్సెయిర్ హెచ్50 లాంటి సీలు చేసిన కూలర్లతో ఈ పద్ధతి మామూలు కొనుగోలుదారు బల్ల మీదికి చేరింది. కస్టమ్ లూప్ మాత్రం ఇప్పటికీ ఓపికున్నవాళ్ల వ్యవహారమే.

వేడి లెక్క

ఎన్విడియా ఆర్‌టీఎక్స్ 4090 కార్డు నిర్ణీత విద్యుత్ పరిమితి 450 వాట్లు. ఇంటెల్ ఐ9-14900కె ప్రాసెసర్ టర్బోలో 253 వాట్ల దాకా తీసుకుంటుంది. గేమ్ ఆడేటప్పుడు రెండూ ఒకేసారి గరిష్ఠాన్ని తాకడం అరుదు కాబట్టి మొత్తం 500 వాట్లు అనుకుందాం. ఈ వేడిని తీసుకున్న గాలి 10 డిగ్రీలు మాత్రమే వెచ్చబడాలంటే గంటకు దాదాపు 160 ఘనమీటర్ల గాలి రేడియేటర్ గుండా పోవాలి. నాక్టువా ఎన్‌ఎఫ్-ఎ12ఎక్స్25 అనే పేరున్న 120 మి.మీ. ఫ్యాన్ అడ్డేమీ లేనప్పుడు గంటకు 102 ఘనమీటర్లు తోస్తుంది. ఎదురుగా రేడియేటర్ రెక్కలుంటే అందులో సగం వచ్చినా మేలే. అంటే ఈ లెక్కకు మూడు ఫ్యాన్ల 360 రేడియేటర్ ఒకటి సరిగ్గా అంచు మీద నిలుస్తుంది. వీలుంటే రెండో రేడియేటర్ పెట్టుకోవడం మేలు. ఇక్కడ ఫ్యాన్ల కంటే రేడియేటర్ వైశాల్యమే ముందు ఆలోచించాల్సింది.

గది వేడి, నీటి వేడి

ఫ్యాన్ ఎంత ఖరీదైనదైనా గది గాలి కంటే నీటిని చల్లగా చేయలేదు. అది తగ్గించేది నీటికీ గాలికీ మధ్య ఉన్న తేడాను మాత్రమే. ఒక లూప్‌లో ఆ తేడా 12 డిగ్రీలనుకుందాం. మే నెల కత్తెర ఎండల్లో గది 38 డిగ్రీలుంటే నీళ్లు 50 దగ్గర నిలుస్తాయి. మంచి ఫ్యాన్లు వేసి తేడాను 9కి దించితే 47. అదే పాత ఫ్యాన్లతో, ఏసీ పెట్టి గదిని 26కు తెస్తే నీళ్లు 38కే ఆగుతాయి. ఫ్యాన్లు 3 డిగ్రీలిస్తే ఏసీ 12 ఇచ్చింది. కాబట్టి చల్లదనం కోసమే ఫ్యాన్లు మార్చాలనుకునేవారు ముందు నీటి ఉష్ణోగ్రతనూ గది ఉష్ణోగ్రతనూ కొలిచి, రెంటి మధ్య తేడా చూసుకోవాలి. 500 వాట్ల ఆటలో ఆ తేడా 10 డిగ్రీల లోపే ఉంటే కొత్త ఫ్యాన్లు తెచ్చేది ప్రధానంగా నిశ్శబ్దమే. అది తక్కువ లాభమేమీ కాదు గానీ, ప్రాసెసర్ చల్లబడుతుందని ఆశపడి కొంటే నిరాశ తప్పదు.

ఏసీకీ పరిమితి ఉంది. టన్ను ఏసీ తీయగల వేడి సుమారు 3.5 కిలోవాట్లు, ఈ కంప్యూటర్ ఒక్కటే అందులో ఏడో వంతు తినేస్తుంది. కరెంటు పోయి కంప్యూటర్ యూపీఎస్ మీద, ఏసీ మూగగా ఉండిపోతే ఆట ఆపడమే దారి.

నీటి వేడికి పైహద్దు కూడా గట్టిదే. కస్టమ్ లూప్‌లలో ఎక్కువగా వాడే డీ5 రకం పంపులకు, చాలా మెత్తటి గొట్టాలకు తయారీదారులు 60 డిగ్రీలను హద్దుగా చెబుతారు. పెట్‌జీ గట్టి గొట్టాలు ఆ దరిదాపుల్లోనే మెత్తబడటం మొదలుపెడతాయి. ఇరవై డిగ్రీల గదిలో ఉండేవారికి ఈ హద్దు ఎప్పుడూ తగలదు. నలభై డిగ్రీల గదిలో తేడా 15 ఉంటే మిగిలేది ఐదు డిగ్రీలే. ఏసీ లేని గదిలో పెట్టే లూప్‌కు యాక్రిలిక్ గొట్టాలో, ఈపీడీఎం రబ్బరు గొట్టాలో వేసుకోవడం క్షేమం.

ఒక భయం మాత్రం అక్కర్లేదు. ఫ్యాన్లతో చల్లబడే నీళ్లు గది గాలి కంటే చల్లబడవు గనుక, ఈశాన్య రుతుపవనాల ముసురులో సైతం బ్లాకుల మీద నీటి చెమ్మ పట్టదు.

ఫ్యాన్ ఎంపిక

పెట్టె మీద పెద్దగా రాసేది గాలి పరిమాణం. రేడియేటర్‌కు దానికంటే ముఖ్యమైనది స్థిర పీడనం, అంటే అడ్డు ఎదురైనా గాలిని తోసే బలం. దీన్ని మిల్లీమీటర్ల నీటి మట్టంలో చెబుతారు. పైన చెప్పిన నాక్టువా నిమిషానికి 2000 చుట్ల దగ్గర 2.34 మి.మీ. ఇస్తుంది. ఆర్కిటిక్ పి12 అంతకు చాలా తక్కువ ధరలో 1800 చుట్ల దగ్గర 2.2 మి.మీ. ఇస్తుంది. కాగితం మీద ఇంత దగ్గరగా ఉన్న రెండు ఫ్యాన్ల ధరలో ఇంత తేడా దేనికంటే, ఎక్కువ భాగం శబ్దం నాణ్యతకూ బేరింగుకూ పోతుంది. చెవికి గుచ్చుకునే సన్నని ఈల కొన్ని వేగాల దగ్గర చవక ఫ్యాన్లలో వినిపిస్తుంది. ఆ వేగాన్ని తప్పించి నడిపితే ఆర్కిటిక్ కూడా హాయిగా పనిచేస్తుంది. ఆరు, తొమ్మిది ఫ్యాన్లు కొనాల్సినవారికి చవక రకమే సబబు.

2021లో వచ్చిన ఫాంటెక్స్ టి30 మామూలు 25 మి.మీ.కి బదులు 30 మి.మీ. మందంతో, 3000 చుట్ల దాకా తిరుగుతుంది. మందపు రేడియేటర్లకు ఇది బాగా నప్పుతుంది, క్యాబినెట్‌లో చోటుంటే. అంతకు ముందు తరంలో జపాన్ నిడెక్ సర్వో తయారు చేసిన జెంటిల్ టైఫూన్‌కు నీటి శీతలీకరణ అభిమానుల్లో గొప్ప పేరుండేది. రంగురంగుల లైట్ల ఫ్యాన్లు కొన్నిటిలో మోటారు, దీపాల కోసం రెక్కల వైశాల్యం తగ్గుతుంది. కంటికి ఇంపు, రేడియేటర్‌కు అంత కాదు.

వేగం, మోత

ఫ్యాన్ వేగానికి గాలి పరిమాణం సమానుపాతంలో, పీడనం వర్గానుపాతంలో, కరెంటు ఘనానుపాతంలో మారతాయి. 2000 చుట్ల ఫ్యాన్‌ను 1400కు దించితే గాలి 70 శాతానికి తగ్గుతుంది, పీడనం సగానికి పడిపోతుంది, కరెంటు మూడో వంతుకు దిగుతుంది. మోత దాదాపు 8 డెసిబెల్స్ తగ్గుతుంది. ఒకే రకం ఫ్యాన్ల సంఖ్యను రెట్టింపు చేస్తే పెరిగే మోత 3 డెసిబెల్సే. కనుక మూడు ఫ్యాన్లను గింగిరాలు తిప్పడం కంటే రెండు రేడియేటర్ల మీద ఆరింటిని మెల్లగా తిప్పడం ఎప్పుడూ నయం. ఒకే రేడియేటర్‌కు ఇరువైపులా ఫ్యాన్లు బిగించే పద్ధతి 45, 60 మి.మీ. మందపు రేడియేటర్లకు, అదీ తక్కువ వేగాల్లో ఉపయోగం. పలచటి రేడియేటర్‌కు వేసుకుంటే ఫ్యాన్ల ఖర్చే కనిపిస్తుంది.

నియంత్రణ

నాలుగు తీగల ఫ్యాన్లు 25 కిలోహెర్ట్జ్ పీడబ్ల్యూఎం సంకేతంతో వేగం మార్చుకుంటాయి. మదర్‌బోర్డు మీది ఒక్కో పిన్నుల వరుస మామూలుగా ఒక ఆంపియర్ ఇస్తుంది. నాక్టువా లాంటివి ఒక్కొక్కటి 0.14 ఆంపియరే తీసుకుంటాయి కాబట్టి మూడింటిని ఒకచోట కలపవచ్చు. వేగంగా తిరిగే ఫ్యాన్లు కొన్ని అర ఆంపియర్ దాకా లాగుతాయి. వాటికి పవర్ సప్లై నుంచి నేరుగా కరెంటు తీసుకునే హబ్ ఉండాల్సిందే.

మదర్‌బోర్డు తనంతట తానుగా ప్రాసెసర్ వేడిని బట్టి ఫ్యాన్లను తిప్పుతుంది. లూప్‌లో ఇది పనికిమాలిన పద్ధతి. ప్రాసెసర్ ఉష్ణోగ్రత ఒక్క క్షణంలో ఇరవై డిగ్రీలు ఎగరగలదు. నీళ్లు నింపాదిగా వేడెక్కుతాయి. లీటరు నీటిని ఒక డిగ్రీ పెంచాలంటే 500 వాట్ల వేడికి ఎనిమిది సెకన్ల పైనే పడుతుంది, అదీ రేడియేటర్ ఏమీ తీయకపోతే. ప్రాసెసర్‌ను చూసి తిరిగే ఫ్యాన్లు ఊరికే అరిచి ఊరికే ఆగుతుంటాయి. అందుకే నీటిలో ఒక థర్మిస్టర్ పెట్టి, దాని ఆధారంగా ఫ్యాన్లను నడపాలి. ఈ సెన్సర్ సాధారణంగా 10 కిలోఓముల రకం. దాన్ని చదివే పిన్నులు కొన్ని మదర్‌బోర్డుల్లో ఉంటాయి, లేకపోతే ఆక్వా కంప్యూటర్ సంస్థ క్వాడ్రో, ఆక్టో లాంటి కంట్రోలర్లు తెచ్చుకోవాలి.

రాయలసీమ గేమర్‌కు ఇక్కడే ఇంకో చిక్కు. నీళ్లు 30 డిగ్రీల దగ్గర ఫ్యాన్లు మొదలై 40 దగ్గర పూర్తి వేగం అందుకోవాలన్నది చల్లని ఊళ్ల సెట్టింగు. మే నెలలో తిరుపతిలో ఏసీ లేని గదిలో కంప్యూటర్ స్విచ్ వేసేసరికే నీళ్లు 36 దగ్గరుంటాయి. అక్కడి నుంచి ఖాళీగా ఉన్నా ఫ్యాన్లు హోరెత్తుతూనే ఉంటాయి, లాభం సున్నా. దీనికి పరిష్కారం రెండో సెన్సర్‌ను గాలి లోపలికి వచ్చేచోట తగిలించి, రెంటి తేడాను బట్టి వేగం నిర్ణయించడం. తేడా 4 డిగ్రీల లోపుంటే కనిష్ఠం, 12 దాటితే గరిష్ఠం అన్నట్టు పెట్టుకుంటే జనవరికీ మేకూ ఒకే సెట్టింగు సరిపోతుంది. నీళ్లు 55 దాటితే మాత్రం తేడాతో పని లేకుండా పూర్తి వేగం, ఆపై హెచ్చరిక మోగేలా చేయాలి.

బిగింపు

రేడియేటర్లకు స్క్రూలు ఎం3, ఎం4 లేదా 6-32 కొలతల్లో వస్తాయి. 25 మి.మీ. ఫ్యాన్‌కు 30 మి.మీ. స్క్రూ మామూలు. పొడవు తప్పితే కొన నేరుగా రేడియేటర్ గొట్టంలోకి దిగి లూప్ మొత్తం కారుతుంది. బిగించే ముందు స్క్రూను ఫ్యాన్‌లో దూర్చి కొన ఎంత బయటికి వస్తుందో చూసుకోవడానికి అర నిమిషం చాలు. గాలి దిశ విషయంలో, వేడి ఊళ్లలో బయటి గాలిని రేడియేటర్ గుండా లోపలికి లాగడమే మంచిది. లోపలి వెచ్చటి గాలిని రేడియేటర్ గుండా బయటికి నెడితే తేడాలో కొన్ని డిగ్రీలు ముందే పోతాయి.

దుమ్ము, పొగ, పురుగులు, నీళ్లు

ఎర్రనేల దుమ్ము, చిత్తూరు, కుప్పం వైపు గ్రానైట్ పాలిషింగు పొడి, ఇంట్లో సాంబ్రాణి, అగరొత్తుల పొగ ఈ ప్రాంతపు రేడియేటర్ రెక్కల్లో కలిసే చేరుతాయి. ఒట్టి దుమ్ము బ్లోయర్‌కు పోతుంది. పొగ జిడ్డుతో కలిసి పేరుకున్నది పోదు, మెత్తటి బ్రష్షు పట్టాల్సి వస్తుంది. పూజ గదికి ఆనుకుని కంప్యూటర్ పెట్టకపోవడం సగం వైద్యం. శ్రీసిటీలో డైకిన్, బ్లూ స్టార్ కర్మాగారాల్లో తయారయ్యే ఏసీల అవుట్‌డోర్ యూనిట్ కూడా ఇలాంటి రెక్కల మీదే బతుకుతుంది. దాన్ని ఏటా కడిగించేవాళ్లు సైతం కంప్యూటర్ రేడియేటర్‌ను మూడేళ్లకోసారి చూడటం విడ్డూరం. ఫిల్టర్ జాలీ వేసుకుంటే గాలి కొంత తగ్గుతుంది, శుభ్రం చేయడం తేలికవుతుంది. ఈ ఊళ్లలో ఆ బేరం గిట్టుబాటే. బ్లోయర్ కొట్టేటప్పుడు ఫ్యాన్ రెక్కల్ని వేలితో పట్టుకోవాలి. గాలికి అతివేగంగా తిరిగితే బేరింగు దెబ్బతింటుంది.

వానలు మొదలయ్యాక ఉసిళ్లు దీపాలకు ఎగబడతాయి. రాత్రి గదిలో లైట్లార్పి, క్యాబినెట్‌లో మాత్రం రంగుల లైట్లు వెలిగించుకున్నవారు మర్నాడు రెక్కల సందుల్లో పురుగుల రెక్కలు ఏరుకోవాల్సి వస్తుంది. జాలీ ఇక్కడా అక్కరకొస్తుంది.

ఎయిర్ కూలర్ ఎదురుగా కంప్యూటర్ పెట్టడం ఈ ప్రాంతంలో సహజంగా తోచే ఆలోచన. పొడి ఎండలో కూలర్ గది వేడిని తగ్గిస్తుంది, నిజమే. కానీ బోరు నీళ్లతో నడిచే కూలర్ తుంపర రేడియేటర్ మీద పడితే ఉప్పు పొర మిగుల్తుంది. కూలర్‌ను గదికి వాడుకోవచ్చు, క్యాబినెట్‌కు గురిపెట్టకూడదు. లూప్ లోపల కూడా బోరు నీళ్లు, ప్యూరిఫయర్ నీళ్లు పోయకూడదు. డిస్టిల్డ్ వాటర్‌కు తుప్పు, నాచు నిరోధకాలు కలిపినదో, కంపెనీ కూలెంటో వాడాలి. లోపల సున్నపు పొర కట్టిన బ్లాకును ఏ ఫ్యాన్ మార్పూ బాగు చేయదు.

ఎత్తు ప్రభావం

పాత చిత్తూరు జిల్లాలో ఎత్తు ఊరూరికీ మారుతుంది. తిరుపతి సముద్రమట్టానికి సుమారు 160 మీటర్ల ఎత్తులో ఉంటే మదనపల్లె దాదాపు 700 మీటర్ల దగ్గరుంది, హార్స్‌లీ హిల్స్ 1200 దాటింది. పైకి పోయేకొద్దీ గాలి పలచనై అదే ఫ్యాన్ తక్కువ వేడి మోస్తుంది. మదనపల్లెలో ఈ నష్టం తిరుపతితో పోలిస్తే ఆరు శాతం లోపు. అంటే పది డిగ్రీల తేడా పదిన్నర దాకా పెరుగుతుంది. అదే సమయంలో ఎత్తు వల్ల గాలి మూడు డిగ్రీల పైచిలుకు చల్లగా ఉంటుంది. లెక్క మదనపల్లెకే లాభం.

కొనుగోలు

ఫ్యాన్లూ లూప్ సామగ్రీ కళ్లతో చూసి కొనాలనుకునే తిరుపతివారికి దగ్గరి పెద్ద బజారు 135 కిలోమీటర్ల దూరంలోని చెన్నై రిచీ స్ట్రీట్. చిత్తూరు, పలమనేరు, కుప్పం వారికి బెంగళూరు ఎస్పీ రోడ్డు అనువు. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు పేరెక్కువ, దూరమూ ఎక్కువే. అయినా ఇప్పుడు ఆన్‌లైన్‌లో తెప్పించుకునేవాళ్లే ఎక్కువ. ఒకే రేడియేటర్ మీది ఫ్యాన్లన్నీ ఒకే మోడల్, ఒకేసారి కొన్నవై ఉండాలి. తర్వాత కొన్నదాని చుట్ల సంఖ్య కొద్దిగా తేడా వచ్చినా రెండు శబ్దాలు కలిసి ‘వోం… వోం…’ అని అలలుగా వినిపిస్తాయి. వారంటీ బిల్లు మీదే నడుస్తుంది. నాక్టువా ఆరేళ్లు ఇస్తుంది కాబట్టి బిల్లును థర్మల్ కాగితం మీద మాసిపోకముందే ఫొటో తీసి దాచుకోవాలి.